కడగని కాళ్ళ ఇంగ్లీషు

నా చిన్నప్పుడు నాకు మూడు భాషలు వచ్చు. అందులో రెండు అర్థం తెలియకుండానే వచ్చు. తెలుగు ఇంట్లో మాట్లాడేది. మాది దూదేకుల ఇల్లు, మా నాయన పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు, ఉర్దూ మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా రాదు. అరబీ అంటే మసీదులో నేర్పిన ఖురాన్ సూరాలు. తప్పు లేకుండా అప్పజెప్పేదాన్ని, ఒక్క మాటకు అర్థం అడిగితే మాత్రం నేల చూపులు చూసేదాన్ని. మూడోది ఇంగ్లీషు. దాన్ని కూడా నేను అచ్చం సూరాల మాదిరిగానే నేర్చుకున్నాను. కళ్ళు మూసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఆవు మీద వ్యాసం మొత్తం గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. శబ్దం సరిగ్గా పలికితే చాలు, పుణ్యం దానంతటదే వచ్చేస్తుందని నా నమ్మకం. పరీక్షలో ఆవుకు బదులు గుర్రం వచ్చిందంటే నా పని గోవిందా.

మాది బంగారుపాళ్యం. నేను ఏడో తరగతి రాసిన ఎండాకాలంలో, చిత్తూరులో ఆడపిల్లల హాస్టలు బడి ఒకటి ఉందని, సీటు దొరికితే తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూసుకుంటారని తెలిసింది. సీటు ఇచ్చే ముందు పిల్లతో ఇంగ్లీషులో మాట్లాడించి చూస్తారట. నా ప్రాణమంతా ఆ బడి మీదే ఉండేది. మా ఊళ్ళో ఏడు తర్వాత మా వీధి ఆడపిల్లలెవరూ బడి మొహం చూడలేదు. మా నాయన చెడ్డవాడు కాదు, కానీ ముందూ వెనకా చూసుకునే మనిషి. ఆయన ఒక్కటే మాట అన్నాడు. సోమవారం గదా ఇంటర్వ్యూ, శుక్రవారం నమాజు అయినాక నేనే వచ్చి వింటాను, ఇంగ్లీషు మాట్లాడితే బస్సెక్కిస్తాను, లేదంటే వచ్చి నా పక్కన కూర్చుని దబ్బనం పట్టుకో అన్నాడు. పరుపులు కుట్టే ఆ లావుపాటి సూది కనిపిస్తేనే నేను వీధిలోకి పరిగెత్తేదాన్ని.

నన్ను ఈ గండం గట్టెక్కించే పని పక్కింటి అక్క మీద పడింది. అక్క వాళ్ళ నాయన మసీదులో అజాన్ ఇచ్చేవాడు. అక్క ఇంట్లో కూర్చునే బీయే పాసయింది, పరీక్షలకు మాత్రం తిరుపతికి పోయి వచ్చేది. వాళ్ళ పెరట్లో వేపచెట్టు కింద పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. నోరు మాత్రం కత్తి. మొదటి రోజు నేను గర్వంగా ఆవు వ్యాసం ఊగుతూ చెప్పాను. అక్క చివరిదాకా ఓపికగా విని, “మీ ఇంట్లో ఆవు ఉండాదా మే?” అని అడిగింది. లేదన్నాను. “మరి ఎవరి ఆవు కోసం ఇంతసేపు అరిసినావు?” అంది. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

అక్క నవ్వలేదు. నమాజుకు నిలబడే ముందు ఏం చేస్తామని అడిగింది. నియ్యత్ చేసుకుంటామని చెప్పాను. అంటే, ఇప్పుడు నేను ఫలానా పని చేయబోతున్నానని మనసులో గట్టిగా అనుకోవడం. అది లేకపోతే నమాజు ఉత్త గుంజీలతో సమానమని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇంగ్లీషుకు కూడా అంతేనంది అక్క. ముందు మనసులో పని ఉండాలట, తర్వాతే నోట్లో మాట రావాలట. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వీధి బోరింగు పది సార్లు కొడితే ఒకసారి దగ్గి ఇన్ని నీళ్ళు కక్కేది. ఆ కరువులో అక్క మాకు నీళ్ళతోనే పాఠం పెట్టింది. ఒక్కొక్కరికి ఒక్క చెంబు. దాంతో వజూ, అంటే నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కోవడం, చేయాలి, చేసే ప్రతి పనినీ ఇంగ్లీషులో పైకి చెప్పాలి. చేతులు కడిగితే ఐ వాష్ మై హ్యాండ్స్, మొహం కడిగితే ఐ వాష్ మై ఫేస్, మోచేతులు, తల, చివరికి కాళ్ళు. పారే ఏటి గట్టున కూర్చుని వజూ చేసినా నీళ్ళు వృథా చేయకూడదని ప్రవక్త చెప్పినారు, మన బోరింగు ఏరు కూడా కాదు గదా అనేది అక్క. మా గుంపులో రైతుల పిల్లలు ఇద్దరు ఉండేవాళ్ళు. వాళ్ళకది వజూ కాదు, గుడికి పోయే ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం. అక్కకు రెండూ ఒకటే పాఠం.

చెంబులో మిగిలిన నీళ్ళు మొక్కకు పోయాలి. మొక్కలంటే మామిడి మొక్కలు. రోడ్డు పక్క గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన టెంకలు గుట్టలు గుట్టలుగా పడి, ఈగలు ముసిరి, బస్సులో పోయేవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. అక్క మా చేత ఆ టెంకలు ఏరించి, కోసిన నూనె డబ్బాల్లో మన్ను నింపి మొలిపించింది. వానలు పడగానే అవన్నీ మా సమాధుల తోట, కబరస్తాన్ కంచె పొడుగునా నాటాలని ఆమె ఆశ. మనం నాటిన చెట్టు పండు మనిషి తిన్నా, పక్షి తిన్నా, అది మన పేరు మీద దానమేనని చెప్పేది. డబ్బులు లేనివాళ్ళు కూడా చేయగల దానం దొరికిందని నాకు భలే సంతోషంగా ఉండేది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ పిల్లలం కదా, దానికీ పోటీ పెట్టుకున్నాం. ఎవరి చెంబులో ఎక్కువ నీళ్ళు మిగిలితే వాళ్ళు గెలిచినట్టు. అక్క ఆ మాట ఎప్పుడూ అనలేదు, మాకు మేమే అనుకున్నాం. నేను రోజూ ఓడిపోయేదాన్ని.

శుక్రవారం వచ్చింది. జుమా నమాజు అయ్యాక మా నాయన తల మీద పత్తి పీచుతోనే వచ్చి, అక్క వాళ్ళ పెరట్లో రాతి మీద కూర్చున్నాడు.  ఇవాళ తప్పితే బస్సు లేదు, బడి లేదు, దబ్బనమే. చెంబు తీసుకుని మొదలుపెట్టాను. చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతులు. ఒక్కదానికీ తడుముకోలేదు. నాయనకు ఇంగ్లీషు ముక్క రాదు, వేగం చూసే మురిసిపోయాడు. “అబ్బా, కుట్టుమిషను మాదిరి పోతా ఉండాది!” అన్నాడు. ఆ మాటతో నాకు రెక్కలొచ్చాయి. ఈ పూట చెంబు పోటీలో కూడా గెలిచేద్దామని దుర్బుద్ధి పుట్టింది. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెంబును ఊరికే వంచినట్టు వంచి, పావడా కిందికి లాగి, ఐ వాష్ మై ఫీట్ అని గట్టిగా అరిచేశాను. చెంబు కింద పెడితే సగానికి పైగా నీళ్ళు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నాయన లేచి నిలబడ్డాడు.

అక్క నా పాదాల వైపు చూసింది. పావడా అంచు కింద ఎర్రమట్టి ఎక్కడిదక్కడే కనబడుతూ ఉంది. నాయన ముందు నా పరువు తీస్తుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆమె తిట్టలేదు. చెంబు ఎత్తి చూపించి, నెమ్మదిగా ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది. వేర్ డిడ్ దిస్ వాటర్ కమ్ ఫ్రమ్ అని.

ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. నేను బట్టీ పట్టిన ఏ వ్యాసంలోనూ దానికి జవాబు లేదు. అయినా అర్థమైంది! నన్ను నమ్మండి, ఒళ్ళు ఝల్లుమంది. నా జన్మలో మొట్టమొదటిసారి ఒక ఇంగ్లీషు వాక్యం నాతో మాట్లాడింది. ఇన్ని నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలుసు, అక్కకు తెలుసు, నాయనకు తెలియదు. బోరింగు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాయన నన్ను బస్సెక్కించేవాడు. నోరు తెరిచాను, ఆ మాట రాలేదు. నాయన మొహంలో నవ్వు తగ్గిపోతూ ఉంది. చివరికి నా గొంతులోంచి నాకే తెలియకుండా వచ్చింది. ఫ్రమ్ మై ఫీట్. నో వాష్. ఐ టెల్ లై.

 “ఏమన్నాది అమ్మణ్ణీ?” అని నాయన అక్కను అడిగాడు. అక్క నా వైపు తిరిగి, “నువ్వే సెప్పు మీ నాయనకు,” అంది. చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. కాళ్ళు కడగలేదు నాయనా, కడిగినానని అబద్ధం చెప్పినాను, ఈ నీళ్ళు నా కాళ్ళవి అన్నాను. ఇక నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

 మా నాయన తల మీది పత్తి దులుపుకుంటూ నవ్వాడు. “తప్పు ఒప్పుకునేది నాకు తెలుగులోనే రాదు గదమ్మా, ఇది ఇంగ్లీషులో ఒప్పుకునేసినాది,” అన్నాడు. సోమవారం మొదటి బస్సుకే పోదామన్నాడు. పిల్లలు ఈసారి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నేను ఏడుపు ఆపలేక ఎక్కిళ్ళు పెడుతూనే నవ్వాను.

అక్క మాత్రం పాఠం వదల్లేదు. ఆవు వ్యాసం నుంచి ఇప్పటిదాకా నేను మాట్లాడిందంతా ఎవరిదో ఇంగ్లీషట, ఈ మూడు ముక్కలే నావట. తప్పులున్నాయి కదా అక్కా అంటే, రేపు దిద్దుకుందాంలే అంది. తర్వాత నన్ను మామిడి మొక్కల దగ్గరికి తీసుకుపోయి, నూనె డబ్బా మీదికి కాలు చాపమని, ఆ మిగిలిన నీళ్ళతో కడగమంది. కాళ్ళ మీది నీళ్ళు అలాగే జారి మొక్క మొదట్లో పడ్డాయి. కాళ్ళూ కడిగినట్టయింది, మొక్కా తడిసింది. “నేను మిగిలించమన్నాను మే, ఎగ్గొట్టమనలేదు,” అంది. ఇంత సులువైన ఉపాయం నాకు తట్టనందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం చిత్తూరులో పెద్ద టీచరమ్మ నన్ను ఇంగ్లీషులో అడిగింది, పొద్దున ఏం తిన్నావని. నా ముందు పోయిన పిల్లలందరూ ఇడ్లీ అనీ పూరీ అనీ చక్కగా చెప్పి వచ్చారు. నేను మనసులో ఒక్క క్షణం ఆగి, నథింగ్, బస్ కమ్ ఎర్లీ, ఐ యామ్ హంగ్రీ అన్నాను. ఆమె పకపకా నవ్వి, తన డబ్బా తెరిచి నాకు రెండు దోసెలు పెట్టింది. నేను తింటూ ఉండగానే రిజిస్టరులో నా పేరు రాసింది. బయట నిలబడ్డ మా నాయన కిటికీలోంచి చూసి, ఇంగ్లీషు మాట్లాడితే దోసెలు కూడా పెడతారా అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. మా వీధిలో ఆ మరుసటి ఏడు ఇంకో ముగ్గురు ఆడపిల్లలు ఆ బస్సెక్కారు.

నేను ఇంగ్లీషు టీచరునై, పిల్లలకు చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో మా ఇంటి దగ్గర మసీదులో ఆదివారాలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఏ పిల్ల చేతా బట్టీ పట్టించను. ఏ వాక్యమైనా సరే, ముందు పని జరగాలి, తర్వాత మాట రావాలి. మొన్న నీటి పొదుపు మీద రాసుకు రమ్మంటే, ఒక పిల్ల ఎక్కడినుంచో అందమైన పేజీ ఎత్తి రాసుకొచ్చింది. ఇవి నీ నీళ్ళు కావు తల్లీ అని తిప్పి పంపాను. మళ్ళీ వారం ఇంగ్లీషులో మూడే వాక్యాలు తెచ్చింది. నేను కొళాయి కట్టేయడం మరిచిపోయాను, ట్యాంకు ఖాళీ అయింది, మా జేజి వజూకు నీళ్ళు లేక కూర్చుంది అని. పదికి పది వేశాను.

సాయంత్రం వాళ్ళమ్మ నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. మూడు లైన్లలో నాలుగు తప్పులున్నాయి, పదికి పది ఎట్లా ఇచ్చినారు మేడమ్ అని అడిగింది. తప్పులు దిద్దేదానికి ఏడాదంతా ఉందమ్మా, మీ పాప నిజం చెప్పింది ఇవాళ అన్నాను.