మధ్యలో ఎవరూ లేని బొమ్మ

రాయపూర్‌లో నేను చేసిన పనుల్లో నాకు బాగా పేరు తెచ్చిన బొమ్మ ఒకటుంది. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దేవేంద్ర నగర్‌లో మా ఇంటి ముందుగదిలోనే కంప్యూటర్ పెట్టుకుని కంపెనీలకు బొమ్మలు వేసి ఇచ్చేదాన్ని. కొత్తరకం సోషల్ నెట్‌వర్క్ కడుతున్నానంటూ ఒకాయన వచ్చాడు. దానికి యజమాని ఉండడు, అందరి మాటలూ దాచే పెద్ద కంప్యూటర్ ఉండదు. ఎవరి చోటు వాళ్ళదే, ఒకరి నుంచి ఒకరికి కబురు పోతుంది. మనుషుల్ని చుక్కలుగా, వాళ్ళ పరిచయాల్ని గీతలుగా వేసి, చూడగానే తెలిసిపోయే బొమ్మ కావాలన్నాడు. ఎలా వేసినా నాకు బండిచక్రమే వచ్చేది, మధ్యలో ఇరుసుతో సహా. తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు అక్క గుర్తొచ్చింది. సొంత అక్క కాదు, రైల్వే కాలనీలో ఉండే శ్రీకాకుళం ఆవిడ. విశాఖ రైలుకు ఎవరొచ్చినా పనసపొట్టు తెచ్చేవారు. అది నిలవుండదు కాబట్టి ఆ పూటే తెలుగిళ్ళన్నిటికీ చేరాలి. ఒక ఇంటివాళ్ళు రెండిళ్ళకు ఇస్తే, వాళ్ళు ఇంకో రెండిళ్ళకు ఇచ్చేవారు. పెళ్ళి కబురైనా చావు కబురైనా అలాగే నడిచేది. పెత్తనం ఎవరిదీ కాదు. సరే, మా ఇళ్ళనే చుక్కలుగా వేద్దామనుకున్నాను. ఎవరు ఎవరికి ఇస్తారో అక్క పక్కన కూర్చుని చెప్పింది.

గీతలు ఎక్కువున్న చుక్కను సాఫ్ట్‌వేర్ దానంతటదే మధ్యకు లాగుతుంది. చూస్తూండగానే ఒక చుక్క నడిమధ్యకొచ్చి కూర్చుంది.

"ఇదెవురే, మజ్జిలో పెద్ద మాలిక్ నాగ?" అంది.

"నువ్వే అక్కా."

"నానేటి? పక్కకి తోసీ నన్ను. నీ సుక్క ఏదీ?"

నా చుక్క అంచున ఉంది, ఒకే గీతతో. ఆ గీత అక్కది. నేను నలుగురిలో కలిసేదాన్ని కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారి అని మా ఆయన ఊరికే అనలేదు. పనసపొట్టు వచ్చినా, ఎవరింట్లో పేరంటమైనా, అక్క ఫోను చేస్తేనే నాకు తెలిసేది.

"ఇంత బోసిగా ఉంటే ఏటి బాగుంటాది? ఇంకో రెండు గీతలెట్టుకో" అని నవ్వింది.

పెట్టుకున్నాను. అక్క గీతలు కొన్ని తీసేసి, నేనెప్పుడూ గడప తొక్కని ఇళ్ళకు నా చుక్క నుంచి గీతలు లాగాను. చేపల వల పరిచినట్టు బొమ్మ సమంగా వచ్చింది. బొమ్మ కావాలన్నాయన ఎంత మురిసిపోయాడో. ఏ చుక్కను చెరిపినా మిగతావాళ్ళకు కబురు ఆగదు, అదే మా గొప్ప అని అందరికీ చూపించుకున్నాడు.

ఆ చలికాలంలో అక్క పోయింది. పొద్దున టీ పెడుతూ పొయ్యి దగ్గరే కూలిపోయిందట. టాటీబంధ్ దగ్గర ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. బావగారు ఒకరికి చెప్పారు, వాళ్ళు ఇద్దరికి చెప్పారు. సాయంత్రానికి తెలుగువాళ్ళందరూ వెళ్ళి, సాగనంపి, ఇళ్ళకొచ్చి స్నానాలు కూడా చేసేశారు. నేను అదే ఊళ్ళో కూర్చుని ఎవరి పెళ్ళికార్డుకో రంగులు మారుస్తున్నాను.

మర్నాడు ఊసుపోక అక్కకు ఫోను చేశాను. బావగారు ఎత్తారు.

"ఏటమ్మా, నీకెవురూ సెప్పలేదా?" అన్నారు. ఆ తర్వాత ఆయన ఏడుపు తప్ప నాకేమీ వినపడలేదు.

పెద్దకర్మ నాడు ఆడవాళ్ళందరూ నా చుట్టూ చేరారు. "నీకు తెలకపోడమేటి? అందరికన్నా ముందు నువ్వే వొచ్చీసుంటావనుకున్నాం" అన్నారు. నిజంగానే అలా అనుకున్నారు. సొంత చెల్లెలి లాంటిదానికి వేరే చెప్పాలా అని ఎవరికి వాళ్ళు ఊరుకున్నారు. వాళ్ళను తిట్టుకుందామన్నా నోరు రాలేదు. ఆ మొహం ఆఖరిసారి చూసుకోలేకపోయాను, ఆ చేయి పట్టుకోలేకపోయాను. ఈ బాధ నాతోనే పోతుంది.

బొమ్మ వేయించుకున్న ఆ పెద్దమనిషి చెప్పింది అబద్ధమేమీ కాదు. కబురు ఎక్కడా ఆగలేదు, ఇల్లిల్లూ తిరిగింది. నాకు కబుర్లు చెప్పే మనిషి మాత్రం ఒక్కతే ఉండేది. తను పోయానని తనే వచ్చి చెప్పలేదు కదా.