మామ చెవి, నా మణికట్టు

మా మేనమామ పోయాడన్న కబురు నాకు చెన్నైలో అందింది. ఫిజియో నా కుడి మణికట్టుకు పట్టీ చుడుతున్నాడు. అమ్మ ఫోను చేసి, "మీ మామ పోయినాడు పాపా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే," అంది. రెండేళ్ల తర్వాత నేను ఆడాల్సిన మొదటి మ్యాచ్‌కు అప్పటికి ఇంకా ఇరవై రోజులుంది. పట్టీ సగంలో ఉండగానే లేచి బయల్దేరాను. నాయుడుపేట దాటి మా ఊరు కొడవలూరు చేరేదాకా ఏడుపు రాలేదు, భయమే వేసింది. నేను నోరు మూసుకోవడం వల్లే ఆయన ఉద్యోగం పోయిందన్న మాట రెండేళ్లుగా నా దగ్గరే ఉంది. ఇక చెప్పుకుందామంటే మనిషి లేడు.

నన్ను టెన్నిస్‌లో జాతీయ ఛాంపియన్‌గా ఎరిగినవాళ్లు కొందరైనా ఉంటారు. మామ పేరు ఎవరికీ తెలియదు, ఆయన పని మాత్రం ప్రతి ఇంట్లోనూ మోగింది. హైదరాబాదులో టీవీ సీరియళ్లకు మ్యూజిక్ సూపర్‌వైజర్. ఏ సీనుకు ఏ సంగీతం పెట్టాలో, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నిర్ణయించేది, ఎపిసోడు బయటికి వెళ్లేముందు చివరిసారి విని సరే అనేది ఆయనే. అత్త ఊళ్లోనే ఉండేది, ఆయన నెలకోసారి వచ్చేవాడు. వస్తే వీధిలో ఆడవాళ్లు వదిలేవాళ్లు కారు.

"ఏం నాయనా, ఆ అత్తగారు గడప దాటినదానికే అన్ని ఉరుములు పెట్టినావే?"

"పెట్టకుంటే నువ్వు అంట్లు ఆపి చూస్తావా అక్కా?" అనేవాడు.

నాతో మాత్రం వేరేగా చెప్పేవాడు. "సంగీతం ఎవురైనా పెడతారు పాపా. యాడ తీసెయ్యాలో తెలిసుండాల."

నా చేతికి రాకెట్ ఇచ్చింది కూడా ఆయనే. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం మీద సున్నంతో గీతలు గీసి, పులికాట్ వైపు చేపలు పట్టేవాళ్లను అడిగి తెచ్చిన పాత వలను అడ్డంగా కట్టాడు. కోతలప్పుడు కోర్టు వడ్లది, మిగతా రోజుల్లో నాది.

అయితే ఆయన నా ఆట చూసింది తక్కువ. చూడలేకపోయేవాడు. నెల్లూరులో నా మొదటి పెద్ద ఫైనల్‌కు వచ్చి ముందు వరసలో కూర్చుని, పని అలవాటు కొద్దీ ప్రతి పాయింటుకూ గొంతులోనే డప్పులు, వయొలిన్లు వాయించడం మొదలుపెట్టాడు. అంపైరు రెండుసార్లు మందలించి మూడోసారి బయటికి పంపేశాడు. అప్పటినుంచి ఆయన చోటు గోడ అవతలే. బంతి చప్పుడు వింటూ నిలబడేవాడు. అయ్యాక వచ్చి, "రెండో సెట్టులో జడుసుకున్నావు. బంతి రాకెట్ నడిమధ్యన పడలా," అనేవాడు. ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. తర్వాత ఎందరో కోచ్‌లు మారారు గానీ ఆ చెవిని మించినవాళ్లు నాకు దొరకలేదు.

అందుకే, జాతీయ పోటీలకు రెండు నెలలుందనగా మణికట్టులో నొప్పి మొదలైనప్పుడు డాక్టరు కంటే మామకే ఎక్కువ భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఆడనివ్వరు. కానీ బంతి చప్పుడు మారిపోయింది. మొద్దుగా వస్తోందని నాకే తెలుస్తోంది. ఆయన ఊరికి వచ్చిన రోజు, గోడ మీదుగా ఆయన తల కదిలినప్పుడల్లా నా చూపు బంతిని వదిలి అటే పోయింది. ఆట అయ్యాక వచ్చి భుజం తట్టాడు.

"గంట కొట్టినట్టుండాది పాపా."

బతికాననుకున్నాను. ఆ సంతోషం వాళ్లింటికి నడిచినంతసేపే. వంటింట్లో కుక్కరు విజిల్ వేసింది. ఒకటి, రెండు, మూడు. స్టవ్వు పక్కనే పేపరు చదువుతున్న మామ తల ఎత్తలేదు. నాలుగోదానికి అత్త పరిగెత్తుకొచ్చి, "పక్కనే ఉండావే, ఆపగూడదా?" అంది. "ఏదో ఆలోచనలో ఉండా," అన్నాడాయన, పేపరు మడుస్తూ.

సన్నటి శబ్దాలు ఆయనకు వినపడడం లేదు. సంగీతం విని బతికే మనిషికి. ఆ మాట నేనే చెప్పాలి. కానీ చెబితే, అయితే నీ ఆట నేను విన్నది కూడా తప్పేనా అని అడుగుతాడు. అడిగితే నా మణికట్టు బయటపడుతుంది. గెలిచొచ్చాక చెబుదాంలే అనుకున్నాను. నాలో అంత స్వార్థం ఉందని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గెలిచాను. కప్పు ఎడమచేత్తో ఎత్తాను, కుడిచెయ్యి లేవలేదు. నాకు ఆపరేషన్ అయ్యేలోపే మామ ఉద్యోగం పోయింది. ఒక ఎపిసోడు మొత్తం సంగీతం వెనక సన్నగా ఈల లాంటి రొద సాగింది. చూసినవాళ్లందరికీ వినిపించింది, విని సరే అన్న ఆయనకు తప్ప. పాతమనిషి కాబట్టి మర్యాదగానే, "కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి సార్," అన్నారట. నేను ఒక్క మాట అనుంటే అంతకుముందే డాక్టరు దగ్గరికి పోయేవాడు, చెవికి మిషను పెట్టుకునేవాడు. ఎవరైనా అడిగితే ఆయన మాత్రం, "పోతే పోయిందిలే, ఉరుములు పెట్టీ పెట్టీ నాకే విసుగు పుట్టింది," అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను ఊరికి రావడం తగ్గించాను.

మామ పోయిన పదకొండో రోజున అత్త పక్కన చాప మీద కూర్చుని అంతా చెప్పేశాను. కుక్కరు సంగతి, చెయ్యి సంగతి. ఆమె నా వైపు తిరిగింది.

"నీ చెయ్యి సంగతి ఆయనకు తెలుసు పాపా. ఆ రోజే నాతో చెప్పినాడు. నీళ్ల చెంబు ఎడంచేత్తో ఎత్తినావంట, అన్నం కలిపేదానికి ఇబ్బంది పడినావంట. చెవితో కాదు, కంటితో కనిపెట్టినాడు."

"మరి గంట కొట్టినట్టుండాదని ఎందుకన్నాడు?"

"బాగలేదంటే యాడ బాగలేదో చెప్పమంటావు గదా. ఆయనకేం వినపడలా. అది బయటపడితే పని పోతాదని ఒక దిగులు. నువ్వు అంత ఆశగా చూస్తుంటే వద్దనేదానికి నోరు రాలేదని ఇంకో దిగులు. ఆ రెండు నెలల్లో ఇంటికొచ్చినప్పుడల్లా సరిగ్గా అన్నం తిన్లేదు. ఫైనల్ రోజు ఇంట్లో ఉండి కూడా టీవీ పెట్టలా. వాకిట్లో తిరగతానే ఉండె."

ఇది వింటే నాకు బరువు దిగాలి. దిగలేదు, కోపం వచ్చింది, ఆయన మీదా నా మీదా. ఇద్దరిలో ఒక్కరం నోరు తెరిచి ఉంటే ఆ చెవో, ఈ చెయ్యో, ఏదో ఒకటి మిగిలేది.

అత్త నా పట్టీ వైపు చూసింది. "ఇప్పుడు నొప్పిగా ఉండాదా?"

లేదన్న మాట నాలుక చివరనే ఉంది. ఆపరేషన్ అయినప్పటినుంచీ డాక్టర్లకూ కోచ్‌కూ అమ్మకూ అదే చెబుతున్నాను. మ్యాచ్‌కు ఇంకా తొమ్మిది రోజులుంది, పేరు ఇచ్చేశాను. ఉందంటే ఆ మ్యాచ్ లేదు. ఆ తర్వాత ఆట ఉంటుందో లేదో కూడా తెలియదు.

"ఉండాది అత్తా. శానా ఉండాది."

ఆమె నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. పట్టీ విప్పి, వాచిన చోట బొటనవేలితో మెల్లగా నిమురుతూ కూర్చుంది. పలకరించడానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగి మమ్మల్ని చూశారు. మేనకోడలు అత్తను ఓదారుస్తోందనుకుని, చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గి బయట కూర్చున్నారు.