తట్టకుండానే లేచిన గీత

జర దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే ముచ్చట కాదు.

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా ఆయన పోయిన గదిలోనే ఎట్లా పడుకుంటున్నావని చుట్టాలు అడిగితే నవ్వేదాన్ని. చదువు పెద్దగా రాదు గాని, కంటితో చూసింది మరిచిపోను. చూసింది చూసినట్టే చెబుతాను.

మాది వరంగల్‌లో మగ్గాల సందు. మా ఆయన నేల మీద పరిచే జంఖానాలు నేసేవారు. పొద్దున మగ్గం ముందు కూర్చోగానే దాని చెక్కను అరచేత్తో ఒక్క తట్టు తట్టి, ఆ చేయి కళ్లకు అద్దుకునేవారు. "తట్టనిదే లేవదే అది" అనేవారు. ఆయన పోయాక మగ్గం విప్పేశాం. ఆ చెక్కతోనే మా బిడ్డ రజితకు చదువుకునే బల్ల చేయించాను.

రజిత ఎం.టెక్. చదువుతోంది. ఆమె ప్రాజెక్టు పేరు క్రిస్టల్ ఆసిలేటర్. ఫోన్లలో, గడియారాల్లో ఉండే చిన్న రాతి పలుకట అది. కరెంటు తగిలితే రెప్పపాటులో కోట్లసార్లు వణుకుతుందట. దాన్ని నిజంగా తయారుచేయకముందే కంప్యూటర్లో లెక్కలతో నడిపి చూడాలి. వణుకు అందుకుంటే తెర మీద గీత లావెక్కుతుంది. అందుకోకుంటే దారం గుంజి కట్టినట్టు సన్నగా ఉండిపోతుంది.

ఇందులో ఒక చిక్కుంది. నిజం క్రిస్టల్‌కు ఏదో ఒక అలజడి తగిలి దానంతట అదే లేస్తుంది. కంప్యూటర్ లెక్కలో గాలి లేదు, చప్పుడు లేదు. అందుకని మొదట ఒక చిన్న దెబ్బ మనమే పెట్టాలి. దాన్ని కిక్ అంటారని రజిత చెప్పింది.

"తన్నుడా? మీ బాపు ఉంటే ఊకుంటుండెనా? మగ్గం చెక్కకు కాలు తాకితేనే లెంపలేసుకునేటోడు" అన్నాను.

"అయితే తట్టు అంట తియ్యమ్మా, నీ ఫికర్ పోతది" అని నవ్వింది.

అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు తట్టు.

కానీ చాలా రోజులుగా ఎంత తట్టినా గీత కాస్త లావై, మళ్లీ సన్నబడి చచ్చిపోయేది. తెల్లారితే కాలేజీలో సారుకు చూపించాలి. చూపించకపోతే ఏడాది పోతుంది. ఆ రోజు పొద్దటి నుంచి ఆమె అన్నం ముట్టలేదు. ఏదో మారుస్తుంది, చూస్తుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. ఆమె అట్లా తిరుగుతుంటే నాకూ కాలు నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

మధ్యాహ్నం కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "ఇదే ఆఖరు. ఇది గూడ లేవకుంటే చీరల షాపుల పనికి పోత. నాతోని కాదమ్మా" అని బల్ల మీది లాప్‌టాప్‌లో ఆ లెక్క నడిపించింది. "నువ్వు మాత్రం ముట్టకు" అని చెప్పి, ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

అంతలో కరెంటు పోయింది. సందులో ఉన్న మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. నేను గడప దగ్గర కూర్చుని చూస్తున్నాను. గీత సన్నగానే ఉంది.

అప్పుడు బల్ల మీద తట్టిన చప్పుడు. అరచేతి చప్పుడు. ఒక్కటే. బల్ల మీది స్టీలు గ్లాసులో నీళ్లు అదరడం చూశాను.

గీత లావెక్కసాగింది. కండెకు నూలు చుట్టుకున్నట్టు ఉబ్బి, ఉబ్బి, ఒకచోట నిలిచింది. మళ్లీ సన్నబడలేదు.

నా అరుపుకు రజిత తడి ముఖంతోనే ఉరికొచ్చింది. "లేసిందమ్మా, లేసింది!" అని నన్ను గట్టిగా పట్టుకుంది. తర్వాత తెర దగ్గరికి వంగి చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"అమ్మా... నేను తట్టు పెట్టలే. ఏడుపుల మర్చిపోయిన. నువ్వేమన్న ముట్టినవా?"

"నీ మీదొట్టు బిడ్డా, గడప దాటలే."

ఆ చప్పుడు పెరట్లో ఆమెకు కూడా వినిపించింది. నేనే బల్లను కొట్టాననుకుందట.

ఆఖరుసారి మార్చిన ఆ లెక్కలు అట్లాగే ఉంచి, ఈసారి తట్టు పెట్టి నడిపింది. గీత లేచి నిలిచింది. మర్నాడు సారుకు అదే చూపించి గట్టెక్కింది. తట్టు లేకుండా మాత్రం మళ్లీ ఎన్నిసార్లు నడిపినా దారమే. మొదటిసారి లేచిన గీతను కంప్యూటర్లో దాచి ఉంచింది. అది చూసిన సారు, లెక్కల్లో నలుసంత తేడా పడినా అట్లా లేవొచ్చన్నాడట. "మరి అవే లెక్కలు మళ్ల నడిపితే మళ్ల లేవాలె గద సార్" అంటే, ఆ గీతను మళ్లీ మొదటి నుంచి చూపించమన్నాడట.

బల్ల ఒక్కటే అదిరి ఉంటే ఎలుక అనుకుని ఊరుకుందును. కానీ బల్ల అదిరితే తెరలోని బొమ్మకు ఎట్లా తెలుస్తుంది? అది వస్తువు కాదు, ఉత్త లెక్క. దయ్యమని అనను. ఆయనే అని కూడా అనను.

ఇట్లాంటివి రజిత నాకంటే తక్కువ నమ్ముతుంది. అయినా ఇప్పుడు లాప్‌టాప్ తెరిచే ముందు, నేను చూడటం లేదనుకుని, ఆ బల్లను ఒక్క తట్టు తడుతుంది.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో మొదలైన ఏ పనీ నడుమ ఆగకుండా, తట్టి లేపే చేయి ఒకటి ఎప్పుడూ మీకు తోడుండాలి.