ప్లాస్టిక్ గదిలో సోయా విత్తనం

విత్తనాలు, పనిముట్లు దాచుకునే కట్టె కొట్టం మీద గౌరవ్వకు ఎప్పుడో విసుగు పుట్టింది. ఎల్లారెడ్డి అవతల వాళ్ల చేను గట్టున ఉండేది అది. ఏటా వానలకు ముందు దానికి అల్లుడికి చేసినట్టు మర్యాదలు చేయాలి. గుంజలకు చెదలు పట్టకుండా కాలిన ఇంజన్ ఆయిల్ పూయాలి. పుచ్చిన గుంజ పీకి కొత్తది నాటాలి. ఇంత చేసినా చెదలు వాటి పని అవి చేసుకుపోయేవి. అందుకే కామారెడ్డిలో పలకలు బిగించి నిలబెట్టే ప్లాస్టిక్ గదిని చూడగానే మనసు పారేసుకుంది. చెద ముట్టదు, రంగు అక్కర్లేదు, బకెట్ నీళ్లు కొడితే మళ్లీ కొత్తదే.

"కట్టె గాలి పీలుస్తది. గిది పీలుస్తదా?" అన్నాడు భర్త సాయిలు.

"నీ కట్టె గాలి పీల్వదు, నా పానం పీలుస్తది" అంది గౌరవ్వ. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పాలా? పాత కొట్టం పొయ్యిలోకి కట్టెలైంది.

విత్తనానికి ఏరి ఉంచిన రెండు సోయా బస్తాలు కొత్త గదిలో చేరాయి. పక్క చేను భూమక్క కూడా తనకున్న ఒక్క విత్తనాల బస్తా మోసుకొచ్చింది. ఒంటరి మనిషి, ఇల్లు కురుస్తుంది. "నీ తాన ఉంటే నాకు రంది లేదక్కా" అంది. గౌరవ్వ పొంగిపోయింది. పరాయి సొమ్ము కదా అని ఆ బస్తాను అన్నిటికన్నా పైన పెట్టింది. కట్టె కొట్టంలో చెమ్మయినా చెదయినా కింది నుంచే వస్తుంది. మంచిదాన్ని పైన పెట్టడం ఆమె అత్త నేర్పిన అలవాటు. ఎలుకలు దూరతాయని గాలి కిటికీ కూడా మూసేసింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పార కోసం తలుపు తీస్తే ఉడుకుతున్న అన్నం కుండ మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. అంత వేడికి విత్తనం చచ్చిపోతుందని గౌరవ్వకు తెలుసు, కానీ సాయిలుతో అనలేకపోయింది. ఆనాటి నుంచి అన్నం సయించలేదు. "గది మంచిగనే ఉన్నదా?" అని సాయిలు మామూలుగా అడిగినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడేది.

చివరికి కింది బస్తా మూతి చేతికందితే పిడికెడు గింజలు తీసి, తడి గోనెలో చుట్టి, నీడన పెట్టింది. చక్కగా మొలకెత్తాయి. ఆగలేక భూమక్క దగ్గరికి పరుగెత్తి "నీ ఇత్తులు సక్కగున్నయి చెల్లె" అని చెప్పేసింది. సాయిలు ముందు కూడా గొప్పగా చెప్పుకుంది.

"ఏ బస్తాలకెళ్లి తీసినవు?" అన్నాడతను.

"కిందిది."

"వేడి పైకి పోతది గదనే."

అన్నిటికన్నా పైన ఉన్నది భూమక్క బస్తా. గౌరవ్వ ఈసారి మిగిలిన రెండు బస్తాల గింజలనూ విడివిడిగా తడి గోనెల్లో పెట్టింది. ఆగలేక మాటిమాటికీ విప్పి చూసేది. నడిమి బస్తావి ఎక్కడో ఒకటీ అరా మొలిచాయి. భూమక్కవి మురిగి, జిగటగా చేతికంటుకున్నాయి. ఒక్కటీ మొలవలేదు. అప్పటికే మబ్బులు కమ్ముతున్నాయి, దుకాణాల్లో సోయా విత్తనం దొరకడం గగనమైంది. గౌరవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. తన చేను గురించి కాదు, నమ్మిన మనిషి మొహం ఎలా చూడాలని.

సాయిలు 'నేను చెప్పలేదా' అనలేదు. మర్నాడు పొద్దున్నే మొలకొచ్చిన కింది బస్తాను ఆమె తలకెత్తాడు.

"నీది ఉడికిపోయింది చెల్లె. మొన్న సూడకుండనే మంచిగున్నయని చెప్పిన. గిది నాది, నీ చేన్ల పోసుకో" అంది గౌరవ్వ, భూమక్క గడపలో బస్తా దించి తల వంచుకుని.

భూమక్క మూతి విప్పి గింజల్లో చెయ్యి పెట్టింది. 

"మరి నీ చేన్ల ఏం పోస్తవక్కా?"

"ఏమో చెల్లె."

తిరిగి వస్తుంటే చినుకులు మొదలయ్యాయి. ఊరంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన వాన. ఇంకొన్నాళ్లు ఆగితే బాగుండునని కోరుకున్నది గౌరవ్వ ఒక్కతే.