స్వప్న వాటా తునికిపళ్లు

మణుగూరు సంతలో తునికిపళ్ల వాసన తగిలితే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

మూడో తరగతిలో మా సారు బాగా చదివేవాళ్లను ముందు చాపమీద, తడబడేవాళ్లను వెనక కూర్చోబెట్టేవారు. మా ఇంట్లో మాట్లాడేది కోయ భాష. తెలుగు పాఠాన్ని నేను కూడబలుక్కుంటూ చదివేదాన్ని. గనిలో పనిచేసే నాన్నతో మా ఊళ్లో కిరాయికి దిగిన స్వప్న కొత్తగా బడిలో చేరి, నా పక్కన కూర్చుంది. నేను తెచ్చే తునికిపళ్లను ఇద్దరం పంచుకునేవాళ్లం.

ఒకరోజు ఎవరు ఏ చాపమీద కూర్చోవాలో చూడటానికి సారు అందరితో చదివించారు. నా తర్వాత స్వప్న లేచి, అచ్చం నాలాగే ఆగి ఆగి చదివింది. తరగతంతా నవ్వింది.

"ఏందే, నిన్న నా దగ్గర మంచిగ చదివినవ్ గద! గిట్లెందుకు చదువుతున్నవ్?" అన్నారు సారు.

స్వప్న నావైపు చూసింది. నన్ను వెక్కిరించిందనుకున్నాను.

"నా పక్కన కూసోకు" అన్నాను.

ఆమె సంచి తీసుకుని ముందు చాపమీదికి వెళ్లిపోయింది.

బాగా చదివితే నా పక్కనుంచి లేపేస్తారనే అలా చదివిందని చాలా ఏళ్లకుగాని నాకు తట్టలేదు. ఆ సాయంత్రం మాత్రం, ఇంటికి పోతూ ఆమె వాటా పళ్లు కూడా నేనే తినేశాను. అవి తియ్యగానే ఉన్నాయి.