సాంకేతిక కారణాల వల్ల మూసిన గేటు

మీ సంస్థలో ఈ మధ్య తీసుకున్న ఏదైనా ఒక నిర్ణయాన్ని తలచుకొని చెప్పండి: దానికి మినిట్స్‌లో రాసిన కారణం, అసలు కారణం ఒకటేనా?

ఒకటేనని వెంటనే అన్నవాళ్లు ఆ మినిట్స్ చదివి ఉండరు. నేను చదవడమే కాదు, రాశాను. విశాఖపట్నం పోర్టు రోడ్డు పక్కన సరుకు నిల్వ చేసే ఒక ప్రైవేటు సంస్థలో పరిపాలనాధికారిగా ఉన్నంత కాలం, మేనేజర్ల సమావేశాల్లో ఒక మూల కూర్చొని వాళ్లు అన్నదాన్ని కాగితం మీదికి ఎక్కించడం నా ఉద్యోగంలో భాగం. అన్నదాన్ని అన్నట్టు ఎక్కించకపోవడం నా నైపుణ్యం.

ఆదివారాలు నాకు ఇంకో పని ఉండేది. వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు మీది గదిలో పదిహేనుమందిమి చేరి మూఢనమ్మకాల మీద వాదించుకునేవాళ్లం. సూర్యగ్రహణం నాడు ఊరంతా తలుపులు వేసుకుంటే మేము వీధిలో నిలబడి ఇడ్లీలు తిన్నాం. వాటిని అమ్మిన ఆవిడ మాత్రం గ్రహణం విడిచేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆవిడతో గంటసేపు వాదించాను. అంత ధైర్యంగా మా జనరల్ మేనేజరుతో ఒక్కనాడూ వాదించలేదు. ఆ తేడా అప్పట్లో నా కంటికి ఆనలేదు.

మా యార్డుకు రెండు గేట్లు. ఉత్తరం వైపు పెద్ద గేటు లారీలకు. వెనక మూల చిన్న గేటు మనుషులకు. బస్టాపు చిన్న గేటు పక్కనే. దిగినవాళ్లు లోపలికి వచ్చి, గోడ వెంట సిమెంటు బాట మీద నడిచి షెడ్డుకు చేరేవారు. అటు లారీ అనేది రాదు. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఎవరో తెలియదు. ఆయన ఎవరినీ సంప్రదించి ఉండడు.

ఒక వానాకాలం షెడ్డు కప్పు కారింది. కింద ఉన్న ఉక్కు కాయిల్స్, అంటే ఉక్కు రేకుల చుట్టలు, తుప్పు పట్టాయి. వాటి యజమాని మా పెద్ద ఖాతాదారు. మిగిలిన సరుకంతా పక్క సంస్థకు తరలించుకుపోయాడు. ఎందుకు పోయాడో తెలుసుకోవడానికి సమావేశం పెట్టారు. ఉన్నది నలుగురం: జనరల్ మేనేజరు, ఆపరేషన్స్ మేనేజరు, స్పీకర్ ఫోన్‌లో హైదరాబాదు నుంచి డైరెక్టరు, మూలన నేను. కప్పు కారిందని మొదటి నిమిషంలోనే ముగ్గురూ ఒప్పుకున్నారు. కప్పు మార్చాలంటే షెడ్డు రెండు నెలలు ఖాళీ చేయాలి. అందుకని తరువాతి నలభై నిమిషాలు వేరే కారణం కోసం వెతికారు. చివరికి గదిలో మాటలు అయిపోయాయి. అప్పుడు ఆపరేషన్స్ మేనేజరు, "మనకి నైరుతిలో గేటుంది కదండీ" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఫోన్‌లో డైరెక్టరు "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" ఏ అర్థంలో అన్నాడో ఎవరూ అడగలేదు.

మరుసటి వారం వాస్తు సలహాదారు వచ్చాడు. సెల్‌ఫోన్‌లో దిక్సూచి తెరిచి, ఉక్కు కాయిల్స్ మధ్య నిలబడి దిక్కులు చూశాడు. మూడు చోట్ల నిలబడ్డాడు. నైరుతి మూడు వైపుల కనిపించింది. ఆపరేషన్స్ మేనేజరు ఇంజనీరు. ఇనుము పక్కన దిక్సూచి పిచ్చెక్కినట్టు తిరుగుతుందని ఆయనకు తెలుసు. అందుకే బాధ్యతగా, "కొంచెం ఇటు జరిగి చూడండి సార్, ఇక్కడ ఐరన్ తక్కువ" అని చోటు చూపించాడు. అక్కడా చుట్టూ కాయిల్సే. అక్కడినుంచి నైరుతి సరిగ్గా చిన్న గేటు మీదికి వచ్చింది.

గేటు మూసేయాలని తీర్మానించారు. కారణం ఏమని రాయమంటారని అడిగాను.

"సాంకేతిక కారణాల వల్ల అని రాసెయ్యండి" అన్నాడు జనరల్ మేనేజరు. ఆయనది గోదావరి జిల్లా. చెడ్డ మాటనైనా మర్యాదగా చెప్పే మనిషి.

అంతవరకైతే నేను గుమాస్తాను మాత్రమే అని తప్పించుకోవచ్చు. కానీ ఆ వాక్యం నాకు బోసిగా తోచింది. "భద్రత, వాహనాల రాకపోకల సౌలభ్యం, ఇతర సాంకేతిక కారణాల దృష్ట్యా" అని పూర్తి చేశాను. భద్రత అనే మాట పూర్తిగా నా కల్పన. జనరల్ మేనేజరు చదివి, "మీ భాషే భాషండీ" అన్నాడు. నాకు సంతోషమయింది. ఆ నోటీసు గేటుకు అంటించారు.

మా యార్డు ఊడ్చే ఆమెది యారాడ, కొండ అవతల సముద్రపు ఒడ్డు ఊరు. యాభై దాటాయి. కొండ దాటుకొని మొదటి బస్సులో వచ్చి, కాయిల్స్ చుట్టూ తెగిపడ్డ ఇనుప పట్టీలు, చెక్కముక్కలు ఏరి ఒక మూల పోసేది. భర్త చేపల వేటకు వెళ్లేవాడు. సముద్రం ఇచ్చినప్పుడు ఇచ్చేది. నెలనెలా తప్పకుండా ఆ ఇంటికి చేరేది ఈమె జీతం ఒక్కటే. ఆమెకు ఎడమ చెవి వినబడదు. ఆ మాట అందరికీ తెలుసు. కుడి పక్కకు వెళ్లి మాట్లాడేవాళ్లం.

తాళం వేసిన ఉదయం నేను అక్కడే ఉన్నాను. ఆమె నోటీసు ముందు నిలబడి కడ్డీల్లోంచి లోపలి వాచ్‌మన్‌ని పిలిచింది.

"ఏటి తమ్ముడూ, గేటుకి తాళమెట్టీసినారు?"

"ఆపీసోల్లు మూయమన్నారప్పా. నన్నడిగితే నానేటి సెప్తాను?"

"ఎందుకంట?"

"సాంకేతిక కారణాలంట. అదిగో, కాగితం అంటించినారు."

"అదేటి, అంటుజబ్బా?"

"అయ్యుంటాది. గేటుకొచ్చింది."

"జబ్బు గేటుకొత్తే నన్ను ఊరంతా తిప్పుతారేటి! బాగుంది మీ వైద్యం."

అని ప్రహరీ చుట్టూ నడిచి పెద్ద గేటుకు వెళ్లింది. నేను వింటూనే ఉన్నాను. మా ఆదివారం చర్చలో చెప్పుకోవడానికి మంచి హాస్యం దొరికిందనుకున్నాను, చెప్పాను కూడా. అందరూ నవ్వారు. నోటీసు రాసింది ఎవరని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తరువాత మూడు వారాలకు, పొద్దున్న ఆమె పనిలోకి వచ్చే వేళకు, పెద్ద గేటు లోపల ఒక లారీ వెనక్కి వస్తోంది. ఆమె అదే దిక్కుగా దాని పక్కన నడుస్తోంది. లారీ ఆమెకు ఎడమ పక్క, వినబడని చెవి వైపు. వెనక చక్రం ఆమె పాదం మీద ఎక్కి దిగింది. కేకలు విని మేము పరుగెత్తేసరికి డ్రైవరు కిందికి దూకి వాచ్‌మన్ చేయి పట్టుకున్నాడు.

"ఆరన్ కొట్టినాను బావ, ఒట్టు! ఆవిడ తిరగనేదు."

"ఆవిడికి ఆ సెవి ఇనపడదు బావ."

"నాకెలా తెలుస్తాది? సెవికి బోర్డెట్టుకుంటారేటి?"

పాదంలో ఎముకలు విరిగాయి. కట్టు కట్టారు. ఆసుపత్రి ఖర్చు సంస్థే భరించింది. ఈ విషయంలో మా మేనేజర్లు మంచివాళ్లు. అందరూ చూడ్డానికి వెళ్లారు, పళ్లు పట్టుకెళ్లారు. వచ్చాక భద్రతా సమావేశం పెట్టారు. ప్రమాదానికి మూలకారణం కనుక్కోవాలి కదా. కనుక్కున్నారు: చెవి. వినికిడి లోపం ఉన్నవారిని యార్డులోకి అనుమతించరాదని, ఆమెను పనినుంచి తప్పించాలని నిర్ణయించారు. నన్ను మినిట్స్ రాయమన్నారు.

నేను రాయడం మొదలుపెట్టకముందే ఆమె ఆటోలో దిగింది. పాదానికి కట్టుతో, కూతురి భుజం పట్టుకొని నా బల్ల ముందుకొచ్చి కూర్చుంది. సంగతి అప్పటికే వాచ్‌మన్ చెప్పేశాడు.

"పన్నెండేళ్లనుంచి వత్తన్నాను బాబూ. నాను సెవిటిదాన్నని ఇప్పుడు తెలిసిందేటి మీకు? సిన్న గేటునుంచి వచ్చి గోడ పక్కనుంచి ఎలిపోయేదాన్ని. ఇనపడితే ఏటి, ఇనపడకపోతే ఏటి?"

నేను కాగితాలు సర్దాను.

"నా సెవి బాగోలేదని రాస్తన్నారంట. బాగోలేదు, నిజమే. మరి గేటు మూయమని రాసినోరెవురు బాబూ?"

"నేనే."

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. బస్సు నంబరు తప్పు చెప్పినవాణ్ణి చూసినట్టు చూసింది.

"మీరు సదువుకున్నోరు కదా. ఆ కారణాలేటో ఒక్కటి సెప్పండి. ఇనపడే సెవిలోనే సెప్పండి."

మూఢనమ్మకాల మీద ఏ ఊళ్లో వేదిక ఎక్కమన్నా నాలుగు గంటలు మాట్లాడగలను. ఒక్క కారణం చెప్పలేకపోయాను.

ఆ మధ్యాహ్నం జనరల్ మేనేజరు గదికి వెళ్లి, ఆయనకు వాస్తు మీద నమ్మకం ఉందా అని సూటిగా అడిగాను.

"నాకా? నాకేం నమ్మకమండీ బాబూ! మా వంటగది ఈశాన్యంలో ఉందండి. పదేళ్లుగా తింటున్నాం, ఏం కాలేదు. డైరెక్టరు గారికి పట్టింపు కదా అని ఊరుకున్నానండి."

డైరెక్టరుకు ఫోన్ చేశాను. "నాకేం పట్టింపు లేదు. అక్కడ మీ స్టాఫ్‌కి సెంటిమెంటు, కాదంటే బాగుండదని సరే అన్నాను" అన్నాడు.

ఆపరేషన్స్ మేనేజరు యార్డులో దొరికాడు. "నేను ఊరికే అన్నాను సార్. కప్పు గురించి మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చింది. మీరంతా సీరియస్‌గా తీసుకునేసరికి ఇంకేం చెయ్యను? తగ్గితే బాగోదు."

నేను ఎలాగూ నమ్మను. అంటే ఆ గదిలో ఉన్న నలుగురిలో ఒక్కరూ నమ్మని దాన్ని నలుగురం ఏకగ్రీవంగా అమలు చేశాం. ఆదివారాల్లో నేను నమ్మేవాళ్లతో పోట్లాడాను. నమ్మేవాడు ఒక్కడైనా ఉంటే వాదించి ఒప్పించవచ్చు. ఎవరూ నమ్మనిదాన్ని ఏ వాదన పెట్టి ఓడించాలి?

గేటు నిజానికి నైరుతిలో లేదని నిరూపించవచ్చు. యార్డు బయటికి వచ్చి చూస్తే చాలు. కానీ అలా నిరూపిస్తే నైరుతిలో ఉంటే మూయవచ్చని ఒప్పుకున్నట్టే. అందుకని మినిట్స్ మాత్రం రాశాను. మొదటిసారి జరిగింది జరిగినట్టు రాశాను:

"ఖాతాదారు వెళ్లిపోవడానికి కారణం కప్పు కారడం. చిన్న గేటు మూయడానికి కారణం వాస్తు సలహా. ఆ సలహాను సమావేశంలో ఉన్నవారెవరూ నమ్మలేదు. గేటు మూసినందువల్ల ఊడ్చే ఆమె లారీల దారిన నడవవలసి వచ్చి గాయపడింది. కనుక ఆమెను తొలగించాలని నిర్ణయించడమైనది."

సంతకం కోసం పంపాను. ఆ కాగితం మూడు రోజులు జనరల్ మేనేజరు బల్ల మీద పేపర్‌వెయిట్ కింద ఉంది. నాలుగో రోజు పిలిచాడు.

"ఇదేంటండీ ఇలా రాశారు?"

"తప్పుంటే చెప్పండి, దిద్దుతాను."

మళ్లీ చదివాడు. "తప్పు లేదండి. అదేనండి ఇబ్బంది."

"అయితే సంతకం పెట్టండి."

"పెడితే చదివినోళ్లు మనల్ని పిచ్చోళ్లనుకుంటారండీ."

"గేటు తీయించండి. ఆమె మళ్లీ గోడ పక్కనుంచి వస్తుంది. తొలగించే అవసరం ఉండదు. ఈ కాగితమూ ఉండదు."

"తియ్యడానికి కారణం ఏం రాస్తారు?"

"ఏమీ రాయను."

ఆయన ఫ్యాన్ వైపు చూసి, ఫోన్ తీసి వాచ్‌మన్‌కు చెప్పాడు: "ఆ చిన్న గేటు తాళం తీసెయ్యవయ్యా. ఎందుకా? ఎందుకేంటయ్యా, గేటు కదా, తీసెయ్యి." తరువాత ఆ కాగితాన్ని నా చేతికిచ్చాడు. నేనే చించాను.

ఆమె రెండు నెలలకు పనిలోకి వచ్చింది. పాదం సాయంత్రానికి ఇప్పటికీ వాస్తుందట. రెండు వేళ్లు వంగవు. గేటు మూసిన తీర్మానం మాత్రం నా చక్కటి భాషతో, భద్రత అనే మాటతో సహా, ఫైల్లో భద్రంగా ఉంది. నిజం రాసిన కాగితాన్ని బేరానికి వాడుకొని చించినవాణ్ణి కాబట్టి ఆ అబద్ధాన్ని దిద్దే హక్కు నాకు లేకుండా పోయింది. కప్పు ఇంకా కారుతోందని విన్నాను.

పాదం విరిగాక నేను అడిగిన ప్రశ్నను మీరు ముందే అడగండి. మీ తరువాతి సమావేశంలో, అందరూ తలలూపుతున్నప్పుడు, లేచి నిలబడి, "దీన్ని నమ్మేవాళ్లెవరు? చెయ్యెత్తండి" అనండి. ఎత్తినవాళ్ల పేర్లు రాయండి. ఎవరూ ఎత్తకపోతే అదే రాయండి. కింద మీ సంతకం పెట్టండి. ఎవరు బతిమాలినా ఆ కాగితం చించకండి.