ఉప్పును లేపని చెలమ

మా పక్కింటివాళ్లు బోరు వేయిస్తున్నారు. మొదట మంచినీళ్లే పడ్డాయి గాని, చాలవని ఇంకా లోతుకు దించితే నిన్న ఉప్పునీళ్లు ఎగదన్నాయి. ఆ సంగతి అలవాటు కొద్దీ డైరీలో రాసుకుంటుంటే కలం ఆగిపోయి, అరవైలలో జువ్వలదిన్నె పక్కన నేను కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఊరితోపాటు అక్కడి మా అవ్వ, అంటే మా అత్తగారి అత్త, కళ్ల ముందు మెదిలింది.

ఆ ఏడు కార్తీకంలో గాలివానకు సముద్రం ఊళ్లోకి ఎక్కి దిగింది. ఇళ్లు నిలిచాయి గాని బావి నీళ్లు నోట పెట్టలేకపోయాము. బండిబాట తెగిపోయింది. కాన్పుకు వచ్చిన మా ఆడపడుచు పచ్చి బాలింత. పట్టిన వాననీళ్లలో మిగిలిన కడవెడూ ఆమెకే దాచాము. అదీ అడుగంటుతుంటే మా మరిది స్నేహితులతో పారలు పట్టుకొని ఇసుకదిబ్బ మీద చెలమ తవ్వాడు. మొదట ఊరినవి తీపినీళ్లే. ఆ సంబరంలో ఊరంతటికీ సరిపోవాలని నడుములోతుకు దిగారు. గుంట నిండింది, నోరు పొక్కేంత ఉప్పుతో.

అప్పుడు అవ్వ నా భుజం పట్టుకొని దిబ్బ ఎక్కింది. చూపు మందగించిన మనిషి కనుక తుంగ పచ్చగా ఉన్న పల్లం ఎక్కడుందో నన్నడిగి, అక్కడ చతికిలబడి, చేతులతోనే ఇసుక తీసి, దోసెడు నీరు ఊరగానే ఆపేసింది.

"ఇదేందవ్వా, పిచ్చికలు తాగడానికా?" అన్నాడు మరిది.

"పిచ్చికలన్నా తాగతాయి. నీ గుంట చేపలకేరా! పైన వాననీళ్లు, కింద ఉప్పు పడుకోనుండాది. దాన్ని లేపబాకండి."

కొబ్బరిచిప్పను నీటి మీద వాల్చి, కదలిక లేకుండా తోడి, మళ్లీ ఊరేదాకా కూర్చుంది. కడవ నిండడానికి చాలాసేపు పట్టింది. సముద్రం అంత దగ్గర హోరెత్తుతుంటే, ఆ ఉప్పు నెత్తిన ఇంత తీపి నిలిచి ఉంది.

మరునాడు ఇంటింటికీ ఒక చెలమ, అదీ ఎడంగా ఎడంగా తీయమని చెప్పి, మా చెలమ నాకు వదిలి అవ్వ వీపు తిప్పి కూర్చుంది. నీరు పలచగా ఊరుతోంది, ఇంట్లో బాలింత గుర్తుకొస్తోంది, ఇంకో గుప్పెడు ఇసుక తీస్తే బాగుండునని చెయ్యి లాగుతోంది.

"ఇంకొంచెం తియ్యనా అవ్వా?"

"నన్నడిగేదేంది? నీ నాలికనడుగుమే."

అడుగున వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. తీపి వెనక సన్నగా మరేదో తగిలింది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. అవ్వ తడుముకుంటూ వచ్చి తానూ రుచి చూసింది.

"ఇంక నన్ను దిబ్బెక్కించబాక. పక్కింటామెకు నువ్వే చెప్పు."

బాట పడేదాకా ఊరు ఆ చెలమల మీదే బతికింది. బాలింత తేరుకుంది, బిడ్డ గట్టిగా ఏడ్వసాగాడు. అవ్వ మళ్లీ దిబ్బ ఎక్కలేదు.

ఇప్పుడు ఆ దిబ్బ లారీలకెక్కి వెళ్లిపోయింది, దాని చోట రొయ్యల గుంటలు. బోరు కుర్రాళ్లకు చెబితే, ఇంకో పైపు దించితే సరిపోతుందమ్మా అని మర్యాదగానే అన్నారు. ఎక్కడ ఆపాలో నా నాలుకకు ఈనాటికీ తెలుసు. వాళ్ల వేలు పట్టుకొని ముంచి చూపిద్దామంటే, ఆ ఇసుక ఏది?